లోపలి పక్క

అమెరికాలోని పాత రంగులరాట్నములలో కొయ్యగుర్రమునకు రెండు పక్కలును ఒక్కరీతిగా ఉండవు. అక్కడి రాట్నము గడియారపు ముల్లు తిరుగు దిక్కునకు ఎదురుగా తిరుగును. కనుక చూడవచ్చినవారికి కనబడునది గుర్రపు కుడిపక్క. శిల్పి తన నేర్పంతయు ఆ పక్కనే చూపును: ఎగురు జూలు, జీనుపై పూలు, పొదిగిన గాజురాళ్లు. ఎడమపక్క సాదాగా ఉండును. (ఇంగ్లండు రాట్నము మరొక దిక్కున తిరుగును గనుక అక్కడ ఎడమపక్కకే ఈ భోగము.)

ఇట్టి రాట్నమును, ఒక కుటుంబ రహస్యమును ముడివేసి రెండు కాలములలో కథ నడపు నవలలు చదువునప్పుడు నాకు ఆ లోపలి పక్కయే గుర్తుకు వచ్చును. ఒక అధ్యాయములో మనుమరాలు అటకపై దొరికిన ఉత్తరమును విప్పును; మరుసటి అధ్యాయములో ఆ ఉత్తరము వ్రాసిన అమ్మమ్మ పడుచుపిల్లయై రాట్నమెక్కును. చనిపోయినవారు దాచినదానిని తెరచుటకు బ్రతికియున్నవారికి అధికారము ఎక్కడిది?

ఫిలడెల్ఫియా టొబాగన్ కంపెనీవారు 1922లో చేసిన రాట్నమొకటి ఒహాయో రాష్ట్రమున యంగ్స్‌టౌన్‌లోని ఐడోరా పార్కులో ఉండెడిది. 1984లో ఆ పార్కున అగ్నిప్రమాదము జరిగిన పిమ్మట అది వేలమునకు వచ్చెను. జేన్ వాలెంటాస్ అను కళాకారిణి భర్తతో కలిసి దానిని కొని, ఏండ్ల తరబడి సన్నని కత్తితో రంగుపొరలు గీకి, అడుగున ఉన్న మొదటి రంగులను కనుగొనెను. పిదప వానికి సరిపోలు క్రొత్తరంగులు వేయించెను. 2011 నుండి నలుబదియెనిమిది గుర్రములతో అది బ్రూక్లిన్ నదియొడ్డున తిరుగుచున్నది.

ఆమెను ఎవరు తప్పుపట్టగలరు? కొయ్య మౌనవ్రతము పట్టలేదు. పైరంగులు వేసినవారు దేనినో దాచదలచి వేయలేదు. వెలిసిన గుర్రమును వేసవి జనమునకు సిద్ధము చేసిరి, అంతే. అమ్మమ్మ సంగతి వేరు. ఏబదియేండ్లు ఆమె నోరు మెదపకుండుట ఆమె చేసిన పని. బహుశః తన ఇష్టప్రకారము చేయగలిగిన ఒకే పని. నవలాకారుడు ఇక్కడ మనకొక సౌకర్యము కల్పించును. పూర్వకాలపు అధ్యాయములలో ఆమె మనస్సంతయు విప్పి చూపును. ఆమెయే ఒప్పుకొని చెప్పినట్లు మనము భ్రమపడుదుము. మనుమరాలికి దొరికినది మాత్రము ఒక ఉత్తరము, అదియును సగము. ఈ తేడాను మరచి ఆమె సాహసమును మెచ్చుకొందుము.

అయినను మౌనమెల్ల పవిత్రమని నేననను. పుట్టగానే పెంపునకు ఇయ్యబడి, తల్లి యెవరో తెలియకయే ముసలివాడైనవాడు ఇంకను బ్రతికియుండవచ్చును. అతనికి ఆ ఉత్తరము చూపుట బాకీ తీర్చుట. వేడుకకు చదువుట అది కాదు.

ఎ. ఎస్. బయట్ 1990లో ప్రకటించిన 'పొసెషన్' నవలలో పండితులు ఇద్దరు పూర్వకవుల రహస్యప్రేమను వెదకి, సమాధిని త్రవ్వించువరకు పోయిరి. కవికి తన కూతురి సంగతి తెలియదనియే వారు నిశ్చయించుకొనిరి. చివరి పుటలలో ఆ కవి ఒక మైదానమున ఆ పిల్లను చూచి, మాటలాడి, ఒక సందేశము చెప్పి పంపును. పిల్ల ఆటలో పడి దానిని మరచిపోవును. పండితులకు ఈ సంగతి ఎన్నటికిని తెలియదు.