ఇచ్చిన మాటా, కట్టిన తాడా?



మన సంఘముల యౌవనస్థుల నోట ఇప్పుడు తరచుగా వినబడే మాట ఒకటున్నది: "మేమిద్దరం కమిటెడ్." పెళ్లి కాలేదు, ప్రధానము కాలేదు. అయినను నీవు తప్ప నాకు, నేను తప్ప నీకు వేరొకరు లేరని ఇద్దరూ ఒప్పుకొన్నారని దాని అర్థము. కన్నవారు ఆ మాట వినగానే ఉలిక్కిపడతారు. పిల్లలేమో ఇందులో తప్పేమున్నదని అడుగుతారు. తప్పొప్పుల తీర్పు చెప్పకముందు వేరొక ప్రశ్న వేసుకొనుట మంచిదని మేము తలంచుచున్నాము. ఇట్టి ఒప్పందము ఆ ఇద్దరి బంధమునకు మేలు చేయునా, కీడు చేయునా?

ఇది మనకు కొత్త సంగతి కాదు. 16వ శతాబ్దములో మధురలో నాయక రాజుల పాలన ఏర్పడిన నాటినుండి తెలుగువారు ఎందరో ఈ దేశములో స్థిరపడినారు. మధురలోనైనా, కోయంబత్తూరులోనైనా వారికి బయట తమిళము, ఇంట తెలుగు. మేనరికము తమిళులకును మనకును ఉమ్మడి ఆచారమే. ఉయ్యాలలోని పసిబిడ్డను చూచి, "ఇది మా వాడికే" అని మేనత్త అనేది. ఆ ఒక్క మాటతో మిగతా సంబంధములన్నిటికి తలుపులు మూసుకొనేవి. ఆ ఆచారము ఇంకను బలముగానే ఉన్నది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తమిళనాడులో బంధువులనే పెండ్లాడిన స్త్రీలు నూటికి సుమారు 28 మంది.

ఆ పాత కట్టుబాటులో మేలు లేకపోలేదు. పిల్ల ఎరిగిన ఇంటికే వెళ్లేది. కష్టము వస్తే అడిగే దిక్కుండేది. కాని లోపము ఒకటున్నది. ఆ తలుపులు మూసినవారు పెద్దలు. లోపల ఉండవలసినవారు పిల్లలు. వారిని ఎవరూ అడుగలేదు. వరసైనవాడు కనుక హక్కున్నదని అతడు అనుకొనేవాడు, కాదంటే ఇంటి పరువు పోతుందని ఆమె నోరు మూసుకొనేది.

కోవిల్పట్టి దగ్గర ఇడైసేవల్ గ్రామపు తెలుగు కుటుంబములో పుట్టిన తమిళ రచయిత కి. రాజనారాయణన్ 1976లో 'గోపల్ల గ్రామం' అను నవల ప్రచురించినారు. ఒక పాలకుని కన్ను తమ పిల్లపై పడగా, ఆమెను కాపాడుకొనుటకు ఇల్లూ పొలమూ విడిచి దక్షిణమునకు వలస వచ్చిన తెలుగువారి కథ అది. కోరినంత మాత్రాన హక్కు కలుగదని, ఒకరి పట్టుదల మరొకరి అంగీకారము కానేరదని ఆ కథ మనకు గుర్తుచేయుచున్నది. పాలకుని విషయములో ఒప్పుకొన్న ఈ సత్యమును మేనబావ విషయములోను, "కమిటెడ్" అనుకొన్న అబ్బాయి విషయములోను మనము ఒప్పుకొనవద్దా?

ఇక నేటి ఒప్పందమునకు వద్దాము. దీనిలో పెద్ద మేలు ఒకటున్నది: ఇద్దరూ తామే అడిగి తామే ఒప్పుకొన్నారు. నలుగురిని పోల్చి చూచుకొనే చపలత్వము ఆగుతుంది. ఎదుటి మనిషి కోపము, పొదుపు, తల్లిదండ్రులయెడల నడవడి, ఇవన్నీ నిదానముగా తెలిసికొనుటకు వ్యవధి దొరకుతుంది.

కీడు ఎక్కడ మొదలగును? మాట ఇచ్చినది తన మీద కాదు, ఎదుటివారి మీద అని అనుకొన్నప్పుడు. కోయంబత్తూరులో చదువు ముగించి అమ్మాయి బెంగుళూరులో ఉద్యోగమునకు వెళ్లినదనుకొందము. "నేను నమ్మకముగా ఉంటాను" అని అబ్బాయి అంటే అది మాట. "నీ ఫోను చూపించు, ఎవరితో మాట్లాడినావో చెప్పు" అంటే అది తాడు. రెండింటికి పేరు ఒక్కటే, కమిటెడ్ అని. మొదటిది ప్రేమను పెంచును, రెండవది కాపలాను పెంచును. కాపలా పెరిగిన ఇంట నిజము దాగుకొనును.

అయితే, విడిచిపోవుటకు వీలున్న మాటకు విలువేమి అని కొందరు అడుగవచ్చును. ఇది న్యాయమైన ప్రశ్నే. పెళ్లి ప్రమాణము వేరు, పెళ్లికి ముందటి మాట వేరు. ముందటి మాట పరీక్షించుకొనుటకు ఇచ్చిన కాలము. పరీక్షలో తప్పే వీలు లేకపోతే అది పరీక్షే కాదు. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టము కూడ పెళ్లికి ముందు వ్రాతపూర్వకమైన నోటీసు కోరుచున్నది. మందిరములో జరుగు పెళ్లియైతే దానిని అక్కడ అందరికి కనబడునట్లు అంటించవలెను. అభ్యంతరము ఉంటే పెళ్లికి ముందే బయటపడవలెనని గదా! చివరి దినము వరకు ఆగి ఆలోచించు అవకాశము చట్టమే ఇచ్చినప్పుడు మనము దానిని మూసివేయుట తగునా?

ఇక్కడ పెద్దలమైన మనము ఒక సంగతి నిజాయితీగా ఒప్పుకొనవలెను. ప్రధానము తప్పిపోతే అబ్బాయికి మరు నెలలోనే వేరే సంబంధము చూస్తారు. అమ్మాయి పేరు మాత్రము సంవత్సరముల తరబడి నోళ్లలో నానుతుంది. ఆ నిందకు భయపడి, సరిపడదని తెలిసి కూడ పెళ్లిపీట ఎక్కిన ఆడపిల్లలు లేరా? ఒక మాట తప్పిపోవుట దుఃఖమే. కాని భయముతో చేసిన పెళ్లి అంతకంటె పెద్ద దుఃఖము, దానిలో పిల్లలు కూడ పాలివారగుదురు.

కాబట్టి యౌవనస్థులారా, మాట ఇచ్చుకొంటే మూడు సంగతులు చూచుకొనండి. దానిని చిరకాలము రహస్యముగా ఉంచవద్దు. ఎవరికీ తెలియని మాటలో మోసపోయినవారికి సాక్షి ఉండడు. ఎంత కాలములో పెళ్లి సంగతి తేల్చుకొందురో ముందే మాట్లాడుకొనండి. గడువు లేని మాట ఒకరి వయస్సును తినివేయును. కాదనవలసి వస్తే మర్యాదగా కాదనండి, కాదన్నవారిని వెంటాడకండి.

తల్లిదండ్రులారా, ఇద్దరు మేజర్ల వివాహమునకు వారి సమ్మతి చాలునని, కుటుంబము యొక్కగాని కులపెద్దల యొక్కగాని అనుమతి అవసరము లేదని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. చట్టము చెప్పక ముందే పిల్లలను కూర్చుండబెట్టి, "నీకు ఇష్టమేనా?" అని అడిగి, జవాబు వచ్చువరకు ఓపికతో వినుట మన ధర్మము.

ఇక సంఘ పెద్దలమైన మనము ఒక్క పని చేయగలము. ఎక్కడైనా ఒక మాట తప్పిపోయినప్పుడు, ఆ ఆదివారము ఆ అమ్మాయి తల వంచుకొనక మందిరములోనికి వచ్చి కూర్చుండగలుగునట్లు చూడగలము. అంతటి స్వేచ్ఛ ఉన్న చోట ఇచ్చిన మాటయే పెళ్లి వరకు నిలుచునని మా నమ్మకము.