మస్టర్ పుస్తకం, బ్లాక్‌చెయిన్ లెడ్జర్

మన బొగ్గు ప్రాంతంలోని జైపూర్ థర్మల్ కేంద్రంలో షిఫ్టు దిగివచ్చిన ఒక యువకుడు ఎదురుగా కూర్చున్నాడని ఊహించుకుందాం. వాదానికి పూర్వపక్షం కావాలి. అది బొగ్గు ప్రాంతం నోట వస్తే తప్పించుకోవడం కష్టం, అందుకే అతన్ని ఎంచుకున్నాను. మొదటి ప్రశ్న సూటిగానే వేస్తాడు: "అన్నా, క్రిప్టో పంపేటోని పేరు, తీసుకునేటోని పేరు సర్కారుకు తెలిస్తే ఏం పోతది? మా నాయిన బాయిల దిగినప్పుడల్లా పేరు రాసుకున్నరు గద. తప్పు చెయ్యనోనికి దాచుడెందుకు?"

అతను అడిగే నియమం ఇది. బ్యాంకు బదిలీలకు ఉన్న ‘ట్రావెల్ రూల్’ను, అంటే పంపినవారి వివరాలు, అందుకున్నవారి వివరాలు డబ్బుతో పాటే ప్రయాణించాలన్న సూత్రాన్ని, ఎఫ్ఏటీఎఫ్ అనే అంతర్జాతీయ సంస్థ 2019లో క్రిప్టో సంస్థలకూ వర్తింపజేసింది. మన ఆర్థిక శాఖ 2023 మార్చి 7న ఈ వ్యాపారాన్ని మనీ లాండరింగ్ నిరోధక చట్టం కిందికి తెచ్చింది. అప్పటినుంచి ఎక్స్ఛేంజీలు ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ దగ్గర నమోదు కావాలి, ఖాతాదారుల గుర్తింపు తీసుకోవాలి, అనుమానం కలిగిన లావాదేవీల సంగతి చేరవేయాలి.

తమ్మీ, నీ మస్టర్ (హాజరు పుస్తకం) పోలిక బలమైనదే. భూమి లోపల ఏ క్షణాన ఎవరెవరు ఉన్నారో పేర్లతో తెలియాలని 1952 గనుల చట్టమే చెప్పింది. పైకప్పు కూలితే ఎంతమంది కోసం వెతకాలో తెలియాలి గదా. కానీ ఆ పుస్తకం ఏమేం అడగదో కూడా చూడు. దిగిన టైం, ఎక్కిన టైం రాసుకుంటుంది. లోపల ఎవరితో మాట్లాడావు, నిరుడు ఎవరికి చేబదులిచ్చావు, వచ్చే ఏడు ఏ యూనియన్‌కు చందా రాస్తావు అని అడగదు. బ్యాంకు బదిలీలో పేరు రాయడం కూడా ఇంచుమించు అలాంటిదే, ఒక లావాదేవీకి ఒక పేరు. బిట్‌కాయిన్ సంగతి వేరు. 2009 జనవరిలో మొదలైన నాటి నుంచి దాని లెడ్జర్‌కు ఎక్కిన ప్రతి బదిలీ అందరికీ కనిపిస్తూనే ఉంది, మనిషి పేరు ఒక్కటే ఉండదు, దాని చోట అక్షరాలు, అంకెల వరుసగా ఒక చిరునామా ఉంటుంది. ఒక చిరునామాకు ఒక్కసారి పేరు అతికిస్తే, దాని వెనకటి లెక్కంతా, ఇక ముందు జరగబోయేదంతా ఆ పేరు మీదికి వచ్చేస్తుంది. ఒక షిఫ్టుకు వేసిన మస్టర్‌తో బతుకంతా తిరిగిన దారులు బయటపడినట్టు. బ్యాంకుల నుంచి తెచ్చిన నియమంలో అక్షరాలు మారలేదు, పని మాత్రం మారిపోయింది. నా వాదన ఇంతే.

"లెడ్జర్ను అందరు చూడొచ్చు అంటివి. అట్లాంటప్పుడు సర్కారు చూస్తే తప్పేంది?" సర్కారు చూడటం దగ్గర నాకు పేచీ లేదు. పేరు లేని అంకెలను ఎవరైనా చూస్తారు. నియమం చేర్చేది ఆ పేరునే. చిరునామాలు మార్చుకుంటూ పోతే సరిపోతుందనే వాళ్లున్నారు. చిరునామాలను ఒకదానికొకటి ముడిపెట్టి చూపడమే వ్యాపారంగా పెట్టుకున్న కంపెనీలు ఉన్న రోజుల్లో ఆ ధీమా ఎంతో దూరం రాదు.

ఇక అతని అసలు దెబ్బ. "మోసపోయినోళ్ల సంగతేంది మరి?" 2023 జూలైలో హైదరాబాద్ పోలీసులు బయటపెట్టిన పెట్టుబడి మోసంలో దేశవ్యాప్తంగా దాదాపు 15,000 మంది నుంచి 712 కోట్ల రూపాయలు పోయాయి. ఇంట్లో కూర్చుని రేటింగులు ఇస్తే డబ్బొస్తుందని ఆశపెట్టి, దండుకున్న సొమ్మును క్రిప్టోగా మార్చి దేశం దాటించారు. ఆ జాడ పట్టుకోవడానికి పోలీసులకు పేర్లు కావాల్సిందే, కాదనను. అయితే ఆ డబ్బు మొదట వెళ్లింది మన బ్యాంకు ఖాతాల్లోకే. డొల్ల కంపెనీల పేరిట, గుర్తింపు పత్రాలు తీసుకుని మరీ తెరిచిన ఖాతాలవి. పేరు రాసుకోవడమే కాపలా అనుకుంటే ఆ కాపలా అక్కడే ఓడిపోయింది. దొంగ ఎప్పుడూ అద్దె పేరుతో వస్తాడు. సొంత పేరు రాసిచ్చేది మామూలు మనిషి.

ఈ గోప్యత చర్చ ఢిల్లీలోనో వాషింగ్టన్‌లోనో పుట్టిందనుకోనక్కర్లేదు. పౌరుడి మీద పోలీసు నిఘా తప్పని సుప్రీంకోర్టులో 1962 నాటి ఖరక్ సింగ్ కేసులో మెజారిటీతో విభేదించి రాసినవారు రాజమండ్రి నుంచి వెళ్లిన జస్టిస్ కోకా సుబ్బారావు. 2017లో గోప్యత హక్కు మీద తీర్పు చెప్పిన తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఆయన వైపే వచ్చారు. డబ్బు విషయానికే వస్తే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లో స్టాంపు చట్టాన్ని సవరించి, కలెక్టర్ పంపిన ఏ మనిషైనా బ్యాంకులోకి వెళ్లి ఖాతాదారుల పత్రాలు తనిఖీ చేయవచ్చంది. హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రార్, కెనరా బ్యాంకు మధ్య నడిచిన ఆ కేసులో సుప్రీంకోర్టు 2004లో ఆ అధికారాన్ని కొట్టేసింది. పత్రం బ్యాంకు చేతికిచ్చినంత మాత్రాన దాని మీద మనిషి గోప్యత పోదని తేల్చింది. అమెరికా సుప్రీంకోర్టు 1976లో మిల్లర్ కేసులో సరిగ్గా దీనికి ఎదురు చెప్పింది. మన కోర్టు ఆ దారి పట్టలేదు. వెతకడానికి కారణం ఉండాలి, దానికో హద్దూ ఉండాలి అన్న ఆ కొలతనే క్రిప్టో చిరునామాకూ పెట్టమంటున్నాను. ఒక్క బదిలీ కోసం ఇచ్చిన పేరుతో లెడ్జరంతా తోడాలంటే, తోడేవాడు కారణం కాగితం మీద పెట్టి మరొకరి అనుమతి తెచ్చుకోవాలి.

"సర్కారును గింత అనుమానిస్తవెందుకన్నా?" సర్కారు ఒక్కటే చూస్తుందనుకుంటే అనుమానం తగ్గించుకునేవాణ్ణి. పేర్లు మొదట పోగయ్యేది ప్రైవేటు ఎక్స్ఛేంజీల దగ్గర. కాయిన్‌బేస్ అనే ఎక్స్ఛేంజీ సహాయక సిబ్బందికి లంచమిచ్చి దాదాపు 70,000 మంది పేర్లు, ఇళ్ల చిరునామాలు, గుర్తింపు కార్డుల ఫొటోలు లాగేసిన సంగతి 2025లో బయటపడింది. ఎవరి దగ్గర ఎంత ఉందో, ఎక్కడ ఉంటారో తెలిశాక దొంగకు ఇంకేం కావాలి? ఖాతా కనబడటం అంటే ఏమిటో బొగ్గుబావుల ప్రాంతానికి నేను చెప్పేదేముంది. గిరిగిరి అప్పు ఇచ్చినవాడు కార్మికుడి ఏటీఎం కార్డు తన దగ్గరే పెట్టుకోవడం ఎందుకు? జీతం ఏ రోజు పడుతుందో, దసరాకు లాభాల వాటా ఎంత వచ్చిందో ఇంట్లోవాళ్ల కంటే ముందు తనకు తెలియాలని. ఆ కార్మికుడు తప్పేమీ చేయలేదు. దాచుకునే చోటు మాత్రం లేకుండా పోయింది.

అతను కాసేపు ఆగి, "సరే, పేరు ఎన్నేండ్లు ఉంచుకుంటరు?" అంటాడు. మనీ లాండరింగ్ నిరోధక చట్టం 12వ సెక్షన్ ప్రకారం రికార్డులు ఐదేళ్లు ఉంచాలి. ఐదేళ్లు నిండాక తుడిచేయాలని ఆ సెక్షన్‌లో లేదు. లెడ్జర్‌కు చెరిపివేత అన్నదే లేదు.