చంద్రుడి క్షయ, కోడలి మీద నింద

తెనాలిలో రైలెక్కి రేపల్లెలో దిగి, పెనుమూడి వంతెన మీదుగా కృష్ణ దాటితే మోపిదేవి. బాపట్ల వైపు నుంచీ జనం వస్తారు. కడుపు పండాలని మొక్కుకున్న దంపతులు అక్కడ సుబ్రహ్మణ్యేశ్వరుడి పుట్టలో పాలు పోసి, సర్పదోష పూజ చేయించుకుంటారు. ఆ మొక్కులో తప్పు లేదు. తప్పు ఇంటి దగ్గరుంది. బిడ్డ పుట్టకపోతే అది కోడలి పూర్వజన్మ పాపమేనని తేల్చేసి, ఆమెను పేరంటాలకు పిలవడం మానేస్తారు చూడండి, అక్కడ.

కర్మ సిద్ధాంతం ఇలా నిందించమందా?

పిల్లలు పుట్టకపోవడానికి ఒక్కోసారి కారణమయ్యే క్షయ (టీబీ) ఎలా పుట్టిందో ఆయుర్వేద గ్రంథం చరక సంహితలో ఒక కథ ఉంది. దక్షుడి కూతుళ్లను పెళ్లాడిన చంద్రుడు రోహిణిని తప్ప మిగిలిన భార్యలను పట్టించుకోలేదు. మామ ఆగ్రహించాడు, చంద్రుడు క్షీణించాడు. తర్వాత చంద్రుడి మనసు మారింది, దక్షుడు కరుణించాడు. అయినా రోగం దానంతటదే పోలేదు. అశ్వినీ దేవతలు వైద్యం చేస్తేనే తగ్గింది. ఈ కథలో తప్పు చేసింది భర్త. దేవుడంతటివాడికి, అదీ మన్నింపు దొరికాక కూడా, మందు అవసరమైంది! అదే గ్రంథం విమానస్థానమనే భాగంలో ఆయుష్షు దైవంతో పాటు మనిషి ప్రయత్నం మీద కూడా ఆధారపడుతుందని వాదిస్తుంది. అంతా ముందే రాసిపెట్టి ఉంటే ఇక వైద్యం దేనికి?

క్షయకు కారణం ఒక సూక్ష్మజీవి అని 1882 మార్చి 24న బెర్లిన్‌లో శాస్త్రవేత్త రాబర్ట్ కోచ్ ప్రకటించాడు. అది ఊపిరితో లోపలికి వెళ్తుంది. కొందరిలో రక్తం ద్వారా గర్భాశయానికి ఇరువైపులా ఉన్న ట్యూబులకు చేరుతుంది. దగ్గు, జ్వరం లేకపోవచ్చు. నెలసరి తగ్గవచ్చు, మారకపోనూవచ్చు. ఏళ్ల తర్వాత పిల్లల కోసం పరీక్షలకు వెళ్తే “ట్యూబులు మూసుకుపోయాయమ్మా” అంటారు డాక్టర్లు. ఒక్క పరీక్షతో తేలకపోవచ్చు. గర్భాశయం లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి చూడాలి, ఒక్కోసారి లాప్రోస్కోపీ చేయాలి. సాధారణంగా ఆరు నెలలు మందులు వాడితే టీబీ నయమవుతుంది. కానీ అప్పటికే మచ్చకట్టి మూసుకుపోయిన ట్యూబులను మందులు తెరవలేవు. అందుకే నిందలతో గడిచిపోయిన ప్రతి ఏడూ ఆమెకు నష్టమే.

పాపం అంటూ ఉంటే, పరీక్షకు తీసుకెళ్లకుండా పాపిష్టిదనడమే.

మోపిదేవి వెళ్లి రండి. వచ్చాక భార్యాభర్తలిద్దరూ పరీక్ష చేయించుకోండి. ఇంట్లో ఎవరికైనా ఎప్పుడైనా టీబీ వచ్చి ఉంటే ఆ మాట డాక్టరుకు దాచకుండా చెప్పండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీబీ మందులు ఉచితం.