తెరమీద 'విశ్రాంతి' అని పడినప్పుడు

హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో నిలబడితే ఎదురుగా సినిమా హాళ్లు. కాస్త నడిస్తే అశోక్‌నగర్ గల్లీల నిండా గ్రూప్స్ కోచింగ్ సెంటర్లు, అటు చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం. ఈ మూడింటి మధ్య మిగిలిన జాగానంతా టీకొట్లు ఆక్రమించుకున్నాయి. గ్లాసులో మిగిలిన రెండు గుక్కలూ చల్లారి, పైన సన్నటి మీగడ తెట్టు కట్టేదాకా దాన్ని వేళ్ల మధ్య తిప్పుతూ నిలబడ్డ కుర్రాణ్ని చూస్తే దారినపోయేవాడికి నోటికొచ్చే మాట ఒక్కటే: పనీపాటా లేదా వీడికి? మాట చిన్నదే గానీ దాని వెనక ఓ పెద్ద సిద్ధాంతమే ఉంది. ప్రతి గంటకూ ఏదో ఒక ప్రయోజనం ఉండి తీరాలి, లేని గంట దండగ అన్నది ఆ సిద్ధాంతం. అది తప్పని నా వాదన. ఖాళీగా ఉండటమే గొప్ప అని చెప్పబోవడం లేదు. జీవితానికి అర్థమేమిటని వెతికేవాడు ఆ ఖాళీ గంటని తీసేసి వెతికితే దొరకదంటున్నాను.

ప్రయోజనం లేనిదే మందమతి కూడా పనికి పూనుకోడని మన మీమాంసకులు ఏనాడో తేల్చేశారు. నైయాయికులు తమ పదహారు పదార్థాల్లో ప్రయోజనాన్నీ ఒకటిగా లెక్కవేశారు. కాబట్టి 'దీనివల్ల ఏం లాభం?' అన్న ప్రశ్న కార్పొరేట్ ఆఫీసులు కనిపెట్టింది కాదు. బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయంలో అది నేరుగా ఈశ్వరుడికే ఎదురైంది. ఏ కొరతా లేనివాడు లోకాన్ని ఎందుకు సృష్టించినట్టు? ప్రయోజనం ఉందంటే కొరత ఒప్పుకున్నట్టే, లేదంటే పిచ్చిపని అయిపోతుంది. దానికి సూత్రకారుడిచ్చిన జవాబు లీల. శంకరుడు భాష్యంలో దీనికి రెండు పోలికలు తెచ్చాడు. కోరికలన్నీ తీరిన రాజు ఊరికే విహారానికి వెళ్లడం ఒకటి, ఉచ్ఛ్వాస నిశ్వాసాలు ఇంకొకటి. రెంటికీ బయట వేరే ప్రయోజనం వెతకక్కర్లేదంటాడు.

ఇక్కడే గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది. కోరికలన్నీ తీరిన రాజెక్కడ, అశోక్‌నగర్ అద్దెగదిలో ఉన్న అభ్యర్థెక్కడ? 2022లో తెలంగాణ గ్రూప్-1కి 503 పోస్టులతో నోటిఫికేషన్ వచ్చింది. ప్రిలిమ్స్ జరిగింది, రద్దయింది. మళ్లీ జరిగింది, మళ్లీ రద్దయింది. 2024లో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ ఇచ్చి కథ మొదటికి తెచ్చారు. ఇన్నేళ్లు ఇంటినుంచి వచ్చే డబ్బుతో నెట్టుకొస్తున్నవాడికి వెళ్లి లీల గురించి చెప్పడం, ఆకలిగా ఉన్నవాడికి ఉపవాస మహిమ చెప్పినట్టుంటుంది. రాజు పోలిక అతనికి అతకదు, ఒప్పుకోవాల్సిందే. కానీ శంకరుడు రాజు దగ్గరే ఆగిపోలేదు కదా. ఊపిరి రాజుకీ అదే, నిరుద్యోగికీ అదే. ఉద్యోగం వచ్చాక పీలుద్దామని ఎవరూ దాచుకోరు. కోరికలు తీరినవాడికి మాత్రమే దక్కే వినోదంగా లీలని చూస్తే అది సంపన్నుల సొత్తే. కానీ ఊపిరిలా చూస్తే, బతకడంలోనే కలిసిపోయిన భాగం అది.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. కోచింగ్ పరీక్ష కోసం, పరీక్ష ఉద్యోగం కోసం, ఉద్యోగం పెళ్లి కోసం, ఇల్లు కోసం, పిల్లల కోసం. పిల్లలెందుకంటే, వాళ్లని కోచింగ్‌లో చేర్పించడం కోసం! తర్కంలో ఇలా అంతులేకుండా సాగే గొలుసుని అనవస్థ అంటారు, ఇక్కడైతే గుండ్రంగా తిరిగి బయల్దేరిన చోటికే వచ్చింది కాబట్టి చక్రకం అనడమే సబబేమో. గొలుసు ఎక్కడో ఒకచోట ఆగాలి. 'ఇది దేనికోసం?' అని అడగాలనిపించని పని ఒకటైనా ఉండాలి. కావ్యానికి ఆరు ప్రయోజనాలు చెప్పిన ఆలంకారికుడు మమ్మటుడు కీర్తినీ డబ్బునీ కూడా లెక్కలోకి తీసుకున్నాడు, కానీ చదువుతుండగానే కలిగే ఆనందాన్నే అన్నిటికీ తలమానికం చేశాడు. దేన్నీ దానికోసమే చేసి ఎరగనివాడు, బతుకంతా పెట్టదగ్గ పని ఎదురుపడ్డా గుర్తుపట్టలేడు. దాన్ని కూడా మరోదానికి మెట్టుగానే చూస్తాడు.

అయితే సోమరితనానికి ఇది పట్టా ఇవ్వడం కాదా? గీత పద్దెనిమిదో అధ్యాయం నిద్ర, అలసత్వం, ప్రమాదం వీటినుంచి పుట్టే సుఖాన్ని తామసమని తోసేసింది. ఇక్కడ ప్రమాదమంటే యాక్సిడెంట్ కాదు, ఏమరుపాటు. గీత తప్పుపట్టింది పని లేకపోవడాన్ని కాదు, మెలకువ లేకపోవడాన్ని. ఈ గీటురాయి మీద సినిమాని గీసి చూడొచ్చు. రసాస్వాదానికి ఏడు విఘ్నాలు చెప్పిన అభినవగుప్తుడు, ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖాల్లో చిక్కుకుపోవడాన్ని వాటిలో ఒకటిగా చేర్చాడు. ఆటా పాటా, అలంకరించిన రంగశాలా ఉన్నది ఆ చిక్కు విడిపించడానికే. హాల్లో లైట్లు ఆరి, వందలమంది ఒకే నవ్వు నవ్వినప్పుడు, నిన్నటి మాక్ టెస్టులో ఎన్ని తప్పులో కాసేపు ఎవడికీ గుర్తుండదు. మనసు తనలో తాను కుదుటపడే ఆ స్థితికి ఆయన వాడిన పేరు విశ్రాంతి. మన సినిమాల్లో సగం కథ అయ్యాక తెరమీద పడే అక్షరాలూ అవే. వేసినవాళ్లు అభినవగుప్తుణ్ని తలుచుకుని వేసి ఉండరులెండి. ఫోన్‌లో రీల్స్ తోసుకుంటూ పోయే గంట కూడా ఖాళీ గంటే, కానీ అందులో విశ్రాంతి లేదు. ప్రతి పదిహేను సెకన్లకూ బొటనవేలు కొత్త కోరిక కోరుతూనే ఉంటుంది. సినిమాలన్నీ ఈ పరీక్ష నెగ్గుతాయని కాదు, సగం సినిమాల్లో మనం మెలకువగా ఉండటమే గగనం.

టీ సంగతీ కొంచెం ఆలోచించాలి. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో మన మిల్లుల్లో, బొగ్గు గనుల్లో టీ దుకాణాలు పెట్టించింది తేయాకు వ్యాపారమే. అలసట తీరితే కూలీ ఇంకాస్త పని చేస్తాడన్న లెక్క అందులో ఉంది. అంటే టీ టైమ్ పుట్టుకలోనే పని దాగుంది. పని కోసం ఇచ్చే విరామం పనిలో భాగమే, ఇంజనుకి నూనె పోయడం లాంటిది. ఆ తేయాకు కోసే మనిషికి ఈ పాటి తీరిక కూడా దక్కదు కదా అంటే, నిజమే. అది తీరికని తప్పుపట్టే కారణం కాదు, పంపకాన్ని తప్పుపట్టే కారణం. పని కోసం కాని తీరిక వేరు. గ్రీకుల భాషలో తీరికకున్న పేరు స్కోలె, స్కూలు అన్న మాటకి మూలమదే. కోచింగ్ సెంటర్ వాళ్లకి ఈ వంశవృక్షం చెబితే నమ్మరు. సివిల్స్ అభ్యర్థులు నింపే వివరాల దరఖాస్తులో హాబీలు రాయాల్సిన చోటు ఒకటుంటుంది. ఇంటర్వ్యూలో అడుగుతారని దానికీ జవాబులు బట్టీ పట్టిస్తారు, మాక్ ఇంటర్వ్యూలు పెడతారు. గ్లాసు తిప్పుతూ ఊరికే నిలబడటం అని అక్కడ ఇంతవరకు ఎవరూ రాయించి ఉండరు.