తీర్పునకు ముందు పావుగంట

గుజరాతు రాష్ట్రము 1960 మే 1న ఏర్పడిన నాటినుండి, పర్మిట్లు మొదలగు కొద్దిపాటి మినహాయింపులు తప్ప, అక్కడ మద్యనిషేధము అమలులో నున్నది. కావున సూరత్ జిల్లాలోని బార్డోలీ వంటి ఊరిలో "అతడు త్రాగియున్నాడు" అను మాటకు ఇతర ప్రాంతములలో లేని బరువు కలదు. అది నడవడికను గూర్చిన నింద మాత్రమే గాక నేరారోపణ కూడ అగుచున్నది.

సూరత్ ప్రాంతపు మరమగ్గములనే నమ్ముకొని అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకము కలవు. అట్టి కుటుంబమొకటి బార్డోలీనుండి తెల్లవారుజామున బయలుదేరి, హైదరాబాదు వచ్చుటకు విమానాశ్రయము చేరినదనుకొందము. విమానము బయలుదేరలేదు. పైలట్ శ్వాసపరీక్షలో తప్పెనని వరుసలో నెవరో చెప్పిరి. తండ్రి గుండె ఝల్లుమనెను. పసిబిడ్డను తల్లి దగ్గరకు తీసికొనెను. ఆ భయము న్యాయమైనదే. అయితే "మరియొకసారి పరీక్షించిరా?" అని అడిగినవారు ఆ వరుసలో ఒక్కరైన నుందురా? సెల్‌ఫోనులో ఆ వార్త హైదరాబాదు చేరుటకు రెండు నిమిషములు చాలును. పైలట్‌కు ఇంకను రెండవ పరీక్షయే జరుగలేదు.

ఈ విషయములో మన దేశపు నిబంధనలు చాల కఠినమైనవి. విమానము నడుపుటకు ముందు 12 గంటల కాలములో మద్యము ముట్టరాదు. 12 గంటలు గడచినను శరీరములో దాని జాడ మిగిలియుండరాదు. ఇంగ్లాండులో పైలట్ రక్తమున 100 మిల్లీలీటర్లకు 20 మిల్లీగ్రాములవరకు చట్టము సహించును. మన పౌరవిమానయాన శాఖ సున్నను తప్ప మరేమియు సహింపదు. మొదటిసారి పట్టుబడినచో మూడు నెలలు లైసెన్సు నిలిచిపోవును, రెండవసారి మూడేండ్లు, మూడవసారి అది శాశ్వతముగా రద్దగును. నూరుమందికి పైగా ప్రాణములను చేతిలో పెట్టుకొనువాని విషయములో ఈ కాఠిన్యము తగినదే.

ఇంత కఠినమైన నిబంధనలోనే ఒక ఓపిక యున్నది. మొదటి పరీక్షలో యంత్రము సున్నకాక మరేదైన అంకెను చూపినచో వెంటనే తీర్పు చెప్పుటకు వీలులేదు. 15 నుండి 20 నిమిషములు ఆగవలెను. ఆ మధ్యకాలమున అతడు ముఖము కడుగుకొని నోరు పుక్కిలించవచ్చును. యంత్రము సరిగా పనిచేయుచున్నదో లేదో దానినే ముందు పరీక్షింపవలెను. ఆ తరువాత సాక్షుల యెదుట రెండవ పరీక్ష జరుగును. అందులో సున్న వచ్చినచో అతడు విమానమెక్కవచ్చును. మరల తప్పినచో, లేక పరీక్షకు నిరాకరించినచో, విమానమెక్కరాదు.

ఈ పావుగంట ఎందులకు? త్రాగిన మద్యము రక్తములో కలిసి, ఊపిరితిత్తుల లోతులలో గాలిలోనికి వచ్చును. రక్తములోని ఒక పాలు లెక్కకు శ్వాసలో 2100 పాళ్లని సాధారణముగా లెక్కకట్టుదురు. అయితే నోటిలో మిగిలియున్న ఆల్కహాలు ఈ దారిని రాదు. కొన్ని దగ్గుమందులు, హోమియోపతి ద్రవములు, నోరు పుక్కిలించు మౌత్‌వాష్‌లు దానిని కలిగియుండును. అది ఊపిరితిత్తుల నడుగక తిన్నగా యంత్రములోనికి పోవును. యంత్రము ఆల్కహాలును కనిపెట్టగలదు గాని అది సీసాలోనిదో సిరప్పులోనిదో చెప్పలేదు. పావుగంటలో నోటిలోనిది ఆవిరియైపోవును, రక్తములోనిది నిలిచియుండును. 2023లో సవరించిన నిబంధనలలో ఆల్కహాలు గల మౌత్‌వాష్, టూత్‌జెల్ వంటివి సిబ్బంది వాడనేకూడదనియు, అట్టి మందు తప్పనివారు ముందుగా కంపెనీ వైద్యుని సంప్రదింపవలెననియు చేర్చిరి. బార్డోలీ చుట్టును విస్తారముగా పండు చెరకునుండి చక్కెర తీసిన తరువాత మిగులు మడ్డి అంతటను ఆల్కహాలునకు ముడిసరుకు. ఒకే ద్రవము ఒకచోట ఔషధము, ఒకచోట నేరము.

ఒక్క సాక్షి మాటమీద ఎవనిని మరణమునకు అప్పగింపరాదని మోషే ధర్మశాస్త్రము విధించెను. ఉద్యోగము పోవుట మరణము కాదు గాని, ఇరువది యేండ్లు విమానము నడిపినవానికి "త్రాగుబోతు" అను పేరు వచ్చుట దానికి మిక్కిలి దూరము కాదు. రెండవ పరీక్ష రెండవ సాక్షి వంటిది.

బార్డోలీ పేరు ఈ ప్రసంగములో ఊరకే రాలేదు. అంకెను చూచి తీర్పు చెప్పుట ఎంతటి అన్యాయమో ఆ తాలూకా రైతులు ఒకనాడు అనుభవించిరి. 1926లో అక్కడి భూమిశిస్తును సవరించుటకు నియమింపబడిన అధికారి సుమారు 30 శాతము పెంపును సూచించెను. పైయధికారి ఆ కారణములను త్రోసివేసి, కౌలు లెక్కలమీద తన పెంపును నిలిపెను. ప్రభుత్వము చివరకు 22 శాతమని నిర్ణయించెను. లెక్కలు కాగితముమీద నిండుగా నున్నవి. కాని ఏడేండ్లలో కౌలుకిచ్చిన భూములనన్నిటిని కూడి ఒకే యేటి లెక్కవలె చదివిరని రైతుల పక్షమువారు ఎత్తిచూపిరి. 1928 ఫిబ్రవరిలో వల్లభభాయి పటేలు నాయకత్వమున సత్యాగ్రహము మొదలయ్యెను. గేదెలు జప్తు అయ్యెను, భూములు పోయెను. రైతులు కోరినది శిస్తు మాఫీ కాదు, నిష్పక్షపాతమైన విచారణ. అంకెను మరియొకసారి చూడుడని మాత్రమే.

ఆగస్టులో ఒడంబడిక కుదిరి, బ్రూమ్‌ఫీల్డు, మాక్స్‌వెల్ అను ఇద్దరు అధికారులు విచారణకు వచ్చిరి. ఈ బ్రూమ్‌ఫీల్డు 1922 మార్చిలో అహమ్మదాబాదులో గాంధీకి ఆరేండ్ల శిక్ష విధించిన న్యాయమూర్తియే. అట్టివాని ముందు న్యాయము దొరకునా అని ఎవరైన సందేహించియుండినచో, అదియు తొందరపాటు తీర్పే యగును. వారిద్దరు గ్రామములకు వెళ్లి రైతులను విచారించిరి. మహదేవ దేశాయి, నరహరి పరీఖు మొదలగువారు రైతుల పక్షమున లెక్కలు చూపిరి. తుదకు న్యాయమైన పెంపు సుమారు 6 శాతమే యని తేలెను. ముప్పైకిని ఆరుకును మధ్య నున్నదంతయు ఎవరును ఊరికి పోయి అడుగని ప్రశ్న.

ఇంత చెప్పినంత మాత్రమున యంత్రము అబద్ధమాడునని గాని, అనుమానించుట పాపమని గాని ఎవరును అనుకొనరాదు. తీర్పు తీర్చకుడి అను ఆజ్ఞను సోమరితనమునకు దుప్పటిగా కప్పుకొనువారు లేకపోలేదు. 1977 జనవరి 13 ఉదయమున అలాస్కాలోని ఆంకరేజినుండి జపానుకు పశువులను తీసికొనిపోవు విమానమొకటి లేచిన కొద్దిసేపటికే కూలెను. అందున్న ఐదుగురును మరణించిరి. కెప్టెన్ రక్తములో 100 మిల్లీలీటర్లకు దాదాపు 300 మిల్లీగ్రాముల ఆల్కహాలు కనబడెను. రెక్కలమీద పేరుకొనిన మంచు కూడ కొంత కారణమే. అయితే సిబ్బందిని విమానాశ్రయమునకు తెచ్చిన టాక్సీ నడుపువాడు ఆ కెప్టెన్ ముఖమును, తడబడు మాటను, కదలికలను గమనించి తన కార్యాలయమునకు చెప్పెను. అక్కడివారు విమానాశ్రయమునకు ఫోను చేసిరి. అయినను ఎవరును అతనిని ఆపలేదు. తోటి సిబ్బంది అతనిని ఆపకపోవుటయు ఒక కారణమని దర్యాప్తు సంస్థ వ్రాసెను. అనుమానము వచ్చినను నోరు మెదపని ఆ మర్యాద ఐదుగురి ప్రాణము తీసెను.

ఆ టాక్సీ నడుపువాడు అతనిని త్రాగుబోతని ఊరంతట చాటలేదు. చెప్పవలసినచోట చెప్పెను. వానికంటె ఎక్కువ చేయవలసినవారు చేయలేదు. ఒక చేతిని పనినుండి ఆపుట వేరు, ఒక మనుష్యునికి తీర్పు చెప్పుట వేరు. మొదటిది తక్షణమే జరుగవలెను, రెండవది ఆగవలెను. పైలట్ నియమము ఈ రెంటిని విడదీసినది: అంకె కనబడినప్పుడు అతడు విమానమెక్కడు, అయినను అతడేమి చేసెనో ఎవరును ఇంకను చెప్పరు. వరుసలో నిలిచినవారు ఈ రెంటిని కలిపివేయుదురు.

నిజముగా తప్పు చేసినవాని సంగతి? 1990 మార్చిలో అమెరికాలో నార్త్‌వెస్ట్ సంస్థ విమానమొకటి ఫార్గో నుండి మినియాపొలిస్‌కు వచ్చెను. దానిని నడిపిన ముగ్గురును మద్యము పుచ్చుకొనియుండిరి. కెప్టెన్ లైల్ ప్రౌజ్‌కు 16 నెలల శిక్ష పడెను. ఇక్కడ అంకె తప్పు కాదు. అతడు శిక్ష ననుభవించి, త్రాగుడు మాని, లైసెన్సులను మొదటినుండి మరల సంపాదించుకొని, అదే సంస్థలో తిరిగి విమానము నడిపి, కెప్టెన్‌గా విరమించెను. 2001 జనవరిలో అధ్యక్షుడు క్లింటన్ అతనికి క్షమాభిక్ష ఇచ్చెను. అతనిని మరల కాక్‌పిట్‌లో కూర్చుండబెట్టినవారు ధైర్యవంతులో, తొందరపడినవారో ఆనాడు ఎవరికి తెలిసియుండును?

షిలోహు మందిరములో హన్నా పెదవులు కదలుచుండెను గాని స్వరము వినబడలేదు. ద్వారమునొద్ద కూర్చుండిన యాజకుడగు ఏలీ ఆమె త్రాగియున్నదనుకొనెను. అది బలి పండుగ. జనులు తిని త్రాగిన వేళ. అతడు ముసలివాడు, అట్టివారిని ఎందరినో చూచియుండును. అతని అనుమానమునకు ఆధారము లేకపోలేదు. అతడు కూడ ఒక అంకెను చదివెను: కదలు పెదవులు, లేని స్వరము. ఇంటిలో తన సొంత కుమారులు మందిరములోనే చేయు దుష్టత్వమును గూర్చి అతడు అంత త్వరగా నోరు తెరువలేదు. ఆంకరేజిలో తోటివారి విషయమున అంత ఆలస్యము, విమానాశ్రయపు వరుసలో అపరిచితుని విషయమున ఇంత తొందర ఎందుకో ఏలీ యింటనే కనబడుచున్నది.

అయితే ఏలీ ఒక మంచి పని చేసెను. ఆమె జవాబు చెప్పనిచ్చి, విని, తన మాటను త్రిప్పుకొని, ఆమెను దీవించి పంపెను. కొన్నియేండ్లకు హన్నా పాలు విడిచిన సమూయేలును తీసికొని అదే మందిరమునకు, అదే యాజకునియొద్దకు వచ్చెను. ఒకనాడిక్కడ నిలిచి ప్రార్థించిన స్త్రీని నేనేనని అతనికి జ్ఞాపకము చేసెను. అతడు తన్ను ఏమనెనో జ్ఞాపకము చేసినట్లు లేఖనములో లేదు. పిల్లవానిని అతని చేతికే అప్పగించి వెళ్లెను.