పసిబిడ్డకొరకు చీట్లు వేయవచ్చునా?



గత వర్షకాలములో ఒక బుధవారము, ప్రార్థనకూటము ముగిసి అందరును ఇండ్లకు మరలిన తరువాత, మా సంఘములోని ఒక యౌవన తల్లి గుడి అరుగుమీద మాకొరకు కనిపెట్టుకొనియుండెను. ఆమె ఒడిలో నాలుగు నెలల మగబిడ్డ. ముఖము చూచిన ఏ లోపమును కనబడదు, పెదవి చక్కగానే యున్నది. గాని నోరు తెరచి చూచినయెడల అంగిలి నడుమ చీలిక యున్నది. త్రాగిన పాలు ముక్కులోనుండి వెలుపలికి వచ్చుచుండెను.

ఆమె ఇట్లనెను: "అయ్యగారూ, పట్నం ఆసుపత్రిలో డాక్టరమ్మ ఒక మాట అడిగింది. ఆపరేషను చేసే పద్ధతులు రెండున్నాయంట. ఏది మేలో తెలుసుకోడానికి పిల్లల్ని రెండు జట్లు చేస్తారంట. మావాడు ఏ జట్టులో పడేదీ చీటీ వేసి తేలుస్తారంట. సంతకం పెట్టమంటారా? కన్నబిడ్డమీద చీటీ వేయించడం పాపం కాదా?"

మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. ప్రార్థించి, చదివి, తెలిసినవారిని అడిగి చెప్పెదమని ఒక వారము గడువు తీసికొంటిమి. ఆ వారములో నేర్చుకొనినదానిని మీతోను పంచుకొనుట మంచిదని మాకు తోచినది. ఏలయనగా నేడు ఆమె యెదుటికి వచ్చిన ప్రశ్న రేపు మనలో ఎవరి యెదుటికైనను రావచ్చును.

మొదట దారిలోనుండి తొలగింపవలసిన రాయి ఒకటి యున్నది. ఆమె అత్తగారు, "గ్రహణంనాడు కత్తిపీట దగ్గర కూర్చోవద్దంటే విన్నదా?" అని దినదినము ఆమెను ఎత్తిపొడుచుచున్నదట. మన భాషలో పెదవి చీలికకు గ్రహణపు మొర్రి అనియే పేరు. ఆ పేరులోనే తల్లిమీద నింద ఇమిడియున్నది. పుట్టుగ్రుడ్డివానిని చూచి, పాపము వీనిదా, వీని కన్నవారిదా అని శిష్యులడిగిరి. ప్రభువు ఆ రెండును కాదనెను (యోహాను 9). మనమైతే ఇంకను ఆ పాత ప్రశ్ననే అడుగుచున్నాము. నిజమేమనగా, గర్భములో మొదటి మూడు నెలలలోనే శిశువు పెదవియు అంగిలియు ఇరుప్రక్కలనుండి పెరిగివచ్చి నడుమ కలిసికొనును. కలియని చోట చీలిక మిగులును. లోకమంతటను చూచినయెడల సుమారు 700 మంది శిశువులలో ఒకరికి పెదవిలోనో, అంగిలిలోనో, రెంటిలోనో ఇట్టి చీలిక యుండును. దీనికి వంశము కొంత కారణము. గర్భవతి పొగ త్రాగుటయు, మూర్ఛకు వాడు కొన్ని మందులును ఈ అపాయమును పెంచును (అట్లని వైద్యుని అడుగక ఆ మందులు మానుట మరింత ప్రమాదము). పెక్కుమంది బిడ్డలలో ఇదే కారణమని వ్రేలు చూప శక్యము కాదు. సూర్యచంద్రులకు పట్టు నీడకును దీనికిని ఏ సంబంధమును లేదు. ఆ అత్తగారికి ఈ మాట మేమే స్వయముగా వెళ్లి చెప్పితిమి.

ఇక అసలు సంగతికి వత్తము. అంగిలి వెనుకభాగము మెత్తని కండ. మనము మాటలాడునప్పుడు అది పైకి లేచి, గాలి ముక్కులోనికి పోకుండ తలుపువలె మూసికొనును. ఆ తలుపు సరిగా మూసికొననియెడల ప, బ, క వంటి అక్షరములు స్పష్టముగా పలుకవు. మాటంతయు ముక్కుతో వచ్చును. తాను నోటి మాంద్యము గలవాడనని మోషే దేవునియెదుట వెనుకాడెను (నిర్గమ 4). అంతటివానికే అట్టి భయము కలిగినయెడల, బడిలో పేరు చెప్పుమనగానే తోటివారు నవ్వుదురని వణకు పసివాని సంగతి చెప్పనేల?

చీలికను శస్త్రచికిత్సచేత మూయుట వైద్యులకు తెలియును. గాని ఏ వయస్సున మూయవలెనను విషయమై వారిలో వారికి చాలకాలము ఏకాభిప్రాయము లేకుండెను. మాటలు నేర్వకముందే మూసినయెడల పలుకు బాగుగా వచ్చునని కొందరు. త్వరపడినయెడల పైదవడ ఎదుగుదల చెడునేమో, మరికొంత ఆగుట మేలని కొందరు. ఉభయులును నేర్పరులే, ఉభయులును బిడ్డల మేలు కోరినవారే. అయినను ఇరువురి మాటయు నిజము కానేరదు గదా!

దీనిని తేల్చుటకై ఐరోపా, దక్షిణ అమెరికా ఖండములలోని 23 వైద్యకేంద్రములు కలిసి ఒక గొప్ప పరిశోధన చేసెను. పెదవి బాగుండి అంగిలి మాత్రమే చీలియున్న 558 మంది శిశువులను, తలిదండ్రుల సమ్మతితో, చీట్లు వేసినట్లుగా రెండు జట్లు చేసిరి. ఒక జట్టువారికి 6వ నెలలోను, రెండవ జట్టువారికి 12వ నెలలోను శస్త్రచికిత్స చేసిరి. తరువాత వారికి 5 ఏండ్లు వచ్చువరకు కనిపెట్టిరి. అప్పుడు పిల్లల మాటలను యంత్రములో పట్టి, ఎవరు ఏ జట్టువారో ఎరుగని నిపుణులచేత వినిపించి తీర్పు తీసికొనిరి. ఫలితము 2023వ సంవత్సరములో ప్రచురింపబడెను. ఆ తలుపు సరిగా పనిచేయని బిడ్డలు, 6వ నెలలో చికిత్స పొందిన జట్టులో పరీక్షింపబడిన 235 మందిలో 21 మంది, అనగా నూటికి సుమారు 9. 12వ నెలవారిలో 226 మందికి 34 మంది, అనగా నూటికి 15. గట్టి కీడు కలిగిన సందర్భములు మొదటి జట్టులో 3, రెండవదానిలో 1 మాత్రమే. అవియు తరువాత నయమాయెను.

ఇచ్చట ఒక హెచ్చరిక. ఇది ఆరోగ్యముగా నున్న బిడ్డలకు, సదుపాయములు చక్కగా నున్న ఆసుపత్రులలో తేలిన ఫలితము. బరువు తక్కువై, రక్తము తక్కువై యున్న బిడ్డను ఆరవ నెల రాగానే బల్లమీద పరుండబెట్టుడని దీని అర్థము కాదు. సమయమును బిడ్డను పరీక్షించిన వైద్యుడే చెప్పవలెను.

ఇప్పుడు మన ప్రశ్న మరింత పదునైనదగును. చీటీ 12వ నెలకు పడిన ఆ 34 మంది బిడ్డలమాట ఏమి? వారిలో కొందరు ముందటి జట్టులో పడియుండినయెడల చక్కగా మాటలాడియుందురు గదా! వారికి అన్యాయము జరిగినదా?

ఈ మాట మమ్మును రెండు రాత్రులు నిద్రపోనీయలేదు. బబులోనులో దానియేలును అతని స్నేహితులును పది దినములు శాకధాన్యములు తిని, నీళ్లు త్రాగి, రాజభోజనము తిను యౌవనులతో తమ ముఖములను పోల్చి చూడుమనిరి (దానియేలు 1). అదియు ఒక పరీక్షయే. అయితే దానియేలు తన్ను తానే పరీక్షకు అప్పగించుకొనెను. ఒడిలోని శిశువు అట్లు అప్పగించుకొనలేడు. కనుక దానియేలు కథను మాత్రమే చూపి ఆ తల్లిని సమాధానపరచుట న్యాయము కాదని మాకు తోచెను.

తుదకు మేము గ్రహించినది ఇది. ఏది మేలో తెలిసియుండి, దానిని ఒక బిడ్డకిచ్చి వేరొక బిడ్డకు దాచినయెడల అది నిశ్చయముగా పాపమే. గాని నిజముగా ఎవరికిని తెలియనప్పుడు, తెలియదని ఒప్పుకొనుట సత్యము. తెలిసినట్లు నటించుటయే అబద్ధము. అదియుగాక, చీటీ వేయని చోటను చీటీ పడుచునే యున్నది. ఇంతకుముందు ఒక బిడ్డకు ఏ వయస్సున చికిత్స జరుగునో ఏది నిర్ణయించెను? తలిదండ్రులు ఏ ఊరి ఆసుపత్రికి వెళ్లిరో, అక్కడి వైద్యునికి అతని గురువు ఏమి నేర్పెనో, అదియే. అదియు చీటీయే. అయితే ఆ చీటీనుండి ఎవరును ఏమియు నేర్చుకొనలేదు. ఆ 34 మందికి కలిగిన నష్టము వృథా పోక, వెనుక పుట్టు బిడ్డలకు దారి చూపుచున్నది. వారిపట్ల మనకు ఋణమున్నదని చెప్పవలెనే గాని, వారు మోసపోయిరని చెప్పరాదు.

ప్రేమ యొక్కటే చాలును, పరీక్షలతో పనియేమని ఎవరైనను అందురేమో. నెదర్లాండ్సు దేశములో 2014లో వెలువడిన మరియొక పరిశోధన చూడుడు. వెల్లకిల పరుండుటచేత తల ఒకవైపు చదునైన శిశువులకు, పుర్రె గుండ్రమగుటకై దినమునకు 23 గంటలు గట్టి టోపీ తొడుగుట అక్కడ ఒక చికిత్స. 84 మంది బిడ్డలను రెండు జట్లు చేసి, సగము మందికి టోపీ పెట్టిరి, సగము మందిని ఊరకనే ఎదుగనిచ్చిరి. రెండేండ్ల వయస్సున చూడగా ఇరుజట్లకును చెప్పదగిన భేదము లేకుండెను. టోపీ పెట్టిన బిడ్డలకు చర్మము ఒరయుట, చెమట వంటి బాధలు మాత్రము కలిగెను. (పుర్రె ఎముకలు గడువుకు ముందే అతుకుకొనిపోవు వ్యాధి వేరు; దానికి శస్త్రచికిత్స అవసరము కావచ్చును.) ఆ టోపీ తొడిగిన తలిదండ్రులకు ప్రేమ తక్కువా? మన అవ్వలును పసివాని తలను ప్రేమతోనే ఒత్తుదురు. ప్రేమకు కన్నులు కావలెను. పరీక్ష ఆ కన్ను వంటిది.

అయినను చీట్లన్నియు ఒకటి కావు. యూదా స్థానమునకు తగినవాని నెన్నుకొనుటకై అపొస్తలులు ప్రార్థించి చీట్లు వేసిరి (అపొ. కార్యములు 1). సిలువ క్రింద సైనికులును చీట్లు వేసిరి. చనిపోవుచున్నవాని వంక చూడక, ఆయన అంగీకొరకు వేసిరి. చీటీ ఒకటే, దానిని పట్టిన చేతులు వేరు. ఈ రెండవ విధమైన చేతులు వైద్యములోను కనబడెను. రెండవ ప్రపంచయుద్ధ కాలములో నాజీ వైద్యులు చెరలోని మనుష్యులమీద ఘోరమైన ప్రయోగములు చేసిరి. 1947లో నూరెంబర్గు న్యాయస్థానము వారికి శిక్ష విధించుచు, మనుష్యుడు తనంతట తాను ఇష్టపడి ఒప్పుకొననిదే అతనిమీద ప్రయోగము చేయరాదను నియమమును అన్నిటికంటె ముందు పెట్టెను. 1964లో ప్రపంచ వైద్యసంఘము హెల్సింకి పట్టణములో ఇట్టి నియమములను ప్రకటించెను. వాటిని పలుమారులు సవరించుచు వచ్చి, 2024లోను మరల సవరించిరి.

మన పల్లెలలో నిజమైన అపాయము చీటీలో లేదు, సంతకములో నున్నదని మేము భయపడుచున్నాము. తెల్లకోటు చూడగానే మనము చదువకయే వ్రేలిముద్ర వేయుదుము. కాదన్నచో వైద్యము చేయరేమో, కసరుదురేమో యని వేయుదుము. కొన్నేండ్ల క్రిందట మా సంఘములోని ఒక వృద్ధుడు ఆసుపత్రి కాగితము తెచ్చి, "ఇందులో ఏముంది, చదివి చెప్పండి" అని అడిగెను. మేము పనితొందరలో నుండి, "పెద్ద డాక్టర్లకు తెలియదా, పెట్టెయ్యి తాతా" అంటిమి. అతనికి ఏ కీడును కలుగలేదు. అయినను ఆ దినమున అతని తరపున నిలువవలసిన మేము అతనిని ఒంటరిగా విడిచితిమి. ఆ తప్పు మాదే.

కాబట్టి ఆ తల్లికి పెట్టుమనియు చెప్పలేదు, మానుమనియు చెప్పలేదు. నాలుగు ప్రశ్నలు కాగితముమీద వ్రాసి ఆమె చేతికిచ్చితిమి. ఈ రెండు పద్ధతులలో ఏది మేలో నిజముగా ఎవరికిని తెలియదా? మేము ఒప్పుకొననియెడల, లేక నడుమ మానుకొనినయెడల, మా బిడ్డకు ఎప్పటివలెనే వైద్యము చేయుదురా? కీడు కలిగినయెడల చికిత్స ఖర్చు ఎవరిది? ఫలితము తేలిన తరువాత మాకును తెలియజేయుదురా?

ఆమెయు ఆమె భర్తయు వెళ్లి ఈ నాలుగును అడిగిరి. డాక్టరమ్మ కుర్చీ దగ్గరకు లాగుకొని, ఒక గంటసేపు ఓపికతో జవాబు చెప్పెనట. తిరిగి వచ్చినప్పుడు ఆ తల్లి ముఖములో మునుపటి బెదురు లేదు. ఆమె సంతకము పెట్టెనో లేదో ఇచ్చట వ్రాయము. వ్రాసినయెడల, అయ్యగారి మాటయే అదియని మీరు దానిని పట్టుకొందురు. అది ఆమె నిర్ణయము.

మనము చేయవలసినది వేరుగా నున్నది. మీ వీధిలో ఇట్టి బిడ్డ పుట్టినయెడల గ్రహణముమాట ఎత్తకుడి. ఆ తల్లికి బస్సు ఖర్చులు కూడబెట్టి యిచ్చి, మీలో చదువుకొన్నవారొకరు ఆసుపత్రికి తోడు వెళ్లుడి. కాగితము ముందు పెట్టినప్పుడు మెల్లగా చదివి వినిపించుడి. ఏ దూరదేశపు తల్లులో తమ బిడ్డలకొరకు చీటీ పడనిచ్చి, అయిదేండ్లు ఓర్చుకొని, మన బిడ్డలకు దారి చూపిరి. వారి పేళ్లు మనమెరుగము. ఈ నెలలో మీ కుటుంబప్రార్థనలో వారినిగూర్చి ఒక మాట కృతజ్ఞతగా చెప్పుడి.