పరదేశంలో పనివాడి ఋణం

చేతిలో పని ఉన్న మనిషి పుట్టిన ఊరిని శాశ్వతంగా విడిచి మరొక దేశంలో స్థిరపడటం ధర్మం దృష్టిలో ఎటువంటి కార్యం అనే ప్రశ్నను తెలుగునాట సాధారణంగా రెండు మాటలతో తేల్చివేస్తారు. పొట్టకూటి కోసం పోయినవానికి దోషం లేదని కొందరంటే, కన్నవారిని, ఇలవేల్పును విడిచిపోయినవాడు ఎంత గడించినా ఏదో ఒక వెలితితోనే బతుకుతాడని మరికొందరంటారు. ఈ రెండు మాటలూ వలసను పోయే మనిషి వైపునుంచే చూస్తాయి గాని, అతని చేతిలో ఉన్న పని ఏమౌతుందో విచారించవు. 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న ధర్మవరం, పెనుకొండ, హిందూపురం పరిసరాలు ఈ ప్రశ్నను పని వైపునుంచి పరిశీలించడానికి అనువైనవి. ఎందుకంటే ఇక్కడ పేరుపొందిన పనివారిలో కొందరు, వారు కొలిచే వేల్పులలో కొందరు ఒకప్పుడు మరోచోటినుంచి వచ్చి నిలిచినవారని ఆయా సంప్రదాయాలే చెప్పుకొంటాయి.

శాస్త్ర నిషేధం మాట ముందుగా తేల్చుకోవాలి. అది తేలికగానే తేలుతుంది. బౌధాయన ధర్మసూత్రం సముద్రయానాన్ని పతనీయాలలో, అంటే మనిషిని అతని స్థితినుంచి జార్చే పాపాలలో, మొదటిదిగా లెక్కించి దానికి మూడేళ్ల ప్రాయశ్చిత్తం విధించింది. తరువాతి నిబంధనకారులు మరింత బిగించి, ఓడ ప్రయాణం చేసిన ద్విజుణ్ణి ప్రాయశ్చిత్తం తరువాత కూడా కలుపుకోవడాన్ని కలివర్జ్యాలలో, అనగా పూర్వయుగాలలో చెల్లినా కలియుగంలో విడిచిపెట్టవలసిన ఆచారాల పట్టికలో, చేర్చారు. అయితే ఈ కట్టుబాట్లన్నీ ద్విజులను, అందులోనూ ముఖ్యంగా బ్రాహ్మణులను ఉద్దేశించినవి; సాలెవాడో కమ్మరో ఓడ ఎక్కితే ఏమౌతుందన్న చింత ఆ గ్రంథకర్తలకు ఉన్నట్టు కనిపించదు. పైగా అదే బౌధాయనుడు కళింగం వంటి దేశాలకు పోయివచ్చినవాడు యాగం చేసి శుద్ధి పొందాలన్నాడు, దక్షిణాపథవాసులను సంకీర్ణ జాతులలో చేర్చాడు. ఆ లెక్కన శ్రీకాకుళం చూసివచ్చినవాడికీ శుద్ధి తప్పదు, ధర్మవరంలో ఉన్నవాడు గడప దాటకుండానే సగం పరదేశి అయిపోతాడు. ఇటువంటి నిషేధాన్ని నేటి వలసకు అన్వయించబోవడం కంటే పక్కన పెట్టడమే న్యాయం.

నిషేధం తొలగినంత మాత్రాన స్థలం మాట తీరిపోదు, ఎందుకంటే హైందవ కర్మకాండలో స్థలానికి గట్టి పట్టు ఉంది. పూజకు కూర్చున్నవాడు తాను ఏ కాలంలో, ఏ ద్వీపంలో, ఏ పర్వతానికి ఏ దిక్కున, ఏ గోత్రంలో ఉండి ఈ కర్మకు పూనుకొంటున్నాడో ముందుగా పలుకుతాడు. దానినే సంకల్పం అంటారు. తెలుగునాట ఆ వాక్యం జంబూద్వీపం, భరతవర్షం మీదుగా వచ్చి శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నాడో చెప్పేదాకా సాగుతుంది. అమెరికాలో స్థిరపడిన పురోహితులు దానిని మానుకోలేదు, కూర్చున్న చోటికి తగినట్టు మార్చుకున్నారు. జంబూద్వీపం పలకవలసిన చోట పురాణ భూగోళంలోనిదే అయిన క్రౌంచద్వీపం పలుకుతున్నారు. కర్త పుట్టినచోటనే ఉండాలని సంకల్పం కోరదు, తాను ఎక్కడ ఉన్నాడో ఎరిగి ఉంటే దానికి చాలు.

ఇలవేల్పు విషయంలో నేతకారుల సంప్రదాయం ఇంకా ముందుకు పోయింది. తొగటవారికి, దేవాంగులకు చౌడేశ్వరి కులదైవం. బనగానపల్లె దగ్గరి నందవరంలో వెలసిన చౌడేశ్వరి స్థలపురాణం ప్రకారం, నందరాజు కాశిలో బ్రాహ్మణులకు ఒక మాట ఇచ్చాడు. వారు ఆ మాట చెల్లించమని తరువాత అతని రాజ్యానికి వచ్చినప్పుడు సాక్ష్యం ఏదని అడిగాడు. అప్పుడు అమ్మవారు కాశినుంచి నందవరం వచ్చి సాక్ష్యం పలికి, తిరిగి పోకుండా అక్కడే నిలిచిపోయింది. ఇచ్చిన మాట చెల్లవలసిన చోటికి దేవతే కదిలిరావడం ఈ కథలోని విశేషం. ఊరు విడిచినవానిని దేవత విడుస్తుందన్న భయానికి, దేవతే ఊరు విడిచి వచ్చిన కథను తరతరాలుగా చెప్పుకొనే కులాలలో చోటు ఉండకూడదు. అయినా ఆ భయం ఉంది, విమానం ఎక్కే ముందు ముడుపు కట్టించే తల్లులకు స్థలపురాణం గుర్తుచేసి ప్రయోజనం లేదు.

దేవత సంగతి పురాణం చెప్పింది. మనుషుల సంగతికి శాసనం ఉంది. లాటదేశం, అంటే నేటి దక్షిణ గుజరాత్ ప్రాంతం, విడిచి మాళవంలోని దశపురానికి, అనగా నేటి మధ్యప్రదేశ్‌లోని మందసోర్‌కు, తరలిపోయిన పట్టు నేతకారుల శ్రేణి ఒకటి అక్కడ క్రీ.శ. 436 ప్రాంతంలో సూర్యదేవాలయం కట్టించింది. శ్రేణి అంటే ఒకే వృత్తివారు కట్టుబాట్లతో ఏర్పరచుకొన్న సంఘం. గుప్త చక్రవర్తి కుమారగుప్తుని కాలంలో, స్థానిక పాలకుడు బంధువర్మ ఏలుబడిలో కట్టిన ఆ గుడి కొంత దెబ్బతినగా, 473లో అదే శ్రేణి దానిని బాగుచేయించి, వత్సభట్టి అనే కవి చేత శాసనం రాయించింది. వలసవచ్చిన పనివారు తమ కథను తామే చెప్పించుకొన్న ఇంత పాత పత్రాలు భారతదేశంలో బహు అరుదు. పట్టుబట్ట కట్టనిదే ఎంత అలంకరించుకొన్న స్త్రీ అయినా ప్రియుని దగ్గరకు పోదని అందులో తమ సరుకును మెచ్చుకోవడం కూడా మరిచిపోలేదు, వ్యాపారం వ్యాపారమే. అంతకంటే గమనించదగ్గది మరొకటి ఉంది. కొత్త ఊళ్లో తమవారిలో కొందరు విలువిద్యకు, కొందరు జ్యోతిషానికి, మరికొందరు కథాకథనానికి, ధర్మచర్చకు మళ్లారనీ, కొందరు మాత్రం తమ నేతలోనే మేటిగా ఉన్నారనీ ఆ శాసనం ఏ వగపూ లేకుండా నమోదు చేసింది. అయినా ముప్పైయేడేళ్ల తరువాత గుడి బాగుచేయించేటప్పుడు వారు చెప్పుకొన్నది పట్టు నేతవారి శ్రేణి అనే.

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం చుట్టుపక్కల కూడా ఇటువంటి రాకలు కొన్ని ఉన్నాయి. ధర్మవరం మండలం నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసి ఆడించే చిత్రకారులు ఇళ్లలో మరాఠీ యాస మాట్లాడుకొంటూ, తెర వెనుక రామాయణాన్ని తెలుగులో పాడుతారు. పెనుకొండ బాబయ్య దర్గాలో ఉన్న బాబా ఫక్రుద్దీన్ సీస్తాన్ రాజ్యాన్ని వదులుకొని వచ్చినవాడనీ, గురువైన తిరుచిరాపల్లి నత్తర్ వలి ఒక పుల్ల ఇచ్చి, దానిని నాటినప్పుడు ఎక్కడ చిగురిస్తే అక్కడ ఉండిపొమ్మన్నాడనీ, అది పెనుకొండలో చిగురించిందనీ గాథ ఉంది.

వచ్చి నిలిచినవారికి దోషం అంటనప్పుడు, పోయి నిలిచేవారికి మాత్రం ఎందుకు అంటాలి అని అడగవచ్చు. అంటేది దోషం కాదు, ఋణం. తైత్తిరీయ సంహిత బ్రాహ్మణుడు మూడు ఋణాలతో పుడతాడని చెప్పింది: దేవఋణం యజ్ఞంతో, ఋషిఋణం విద్యాభ్యాసంతో, పితృఋణం సంతానంతో తీరుతాయి. శతపథ బ్రాహ్మణం దీనిని రెండు వైపులా విస్తరించింది. బ్రాహ్మణుడు అనకుండా పుట్టిన ప్రతివాడికీ ఋణాలు ఉన్నాయన్నది, మూడింటికి నాలుగవదిగా మనుష్యఋణాన్ని చేర్చి అది ఇతరులకు వసతి, అన్నం పెట్టడం వల్ల తీరుతుందన్నది. ఈ నాలుగింటిలో మూడు పరదేశంలో చెల్లడానికి అడ్డేమీ లేదు. సంకల్పం మారినట్టే దేవపూజ సాగుతుంది, సంతానం ఎక్కడైనా కలుగుతుంది, అన్నం పెట్టడానికి కొత్తగా దిగిన తోటి వలసవాడు ఎప్పుడూ ఉంటాడు. చిక్కు ఋషిఋణం దగ్గర వస్తుంది.

ఋషి అనగానే వేదద్రష్ట గుర్తుకు వస్తాడు గాని, నేతకారుల లెక్క వేరు. దేవాంగులకు దేవలమహర్షి, పద్మశాలీలకు భావనారుషి మూలపురుషులు. దేవతలకు మొదట బట్ట నేసి ఇచ్చినవారు వారేనని కులపురాణాలు చెబుతాయి. కాబట్టి నేతకారునికి ఋషిఋణం అలంకారం కాదు, అతని ఋషి అతనికి ఇచ్చింది నేతనే. తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లి నేర్చుకోవడాన్ని, నేర్పడాన్ని విడదీయకుండా జంటగా పదేపదే చెప్పింది. ఆ న్యాయాన్ని చేతిపనికి అన్వయిస్తే, పని నేర్చినవాడు మరొకరికి నేర్పినప్పుడే ఋషికి చెల్లుతుంది. తన కర్మతోనే పరమాత్మను అర్చించవచ్చునన్న భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయం గాని, కాయకమే, అంటే ఒళ్లువంచి చేసే పనే, పూజ అన్న వీరశైవం గాని ఆ పని ఏ మట్టి మీద జరగాలో చెప్పలేదు. దేవాంగులు తమవాడిగా కొలిచే నేతకాడు దేవర దాసిమయ్య వెలసిన ఆ మతం ఇష్టలింగాన్ని మెడలో కట్టి, కదలని గుడి కంటే కదిలే భక్తుణ్ణే మిన్నగా ఎంచింది.

అయితే మెడలో కట్టుకొని పోవడానికి వీలులేని పనులు కొన్ని ఉన్నాయి, ధర్మవరం పట్టు నేత వాటిలో ఒకటి. గుంట మగ్గంలో కాళ్లు దించి కూర్చున్న మనిషి ఒక్కడే కనిపిస్తాడు గాని, అతని చేతికి అందే పేకకు కండెలు చుట్టింది ఇంట్లోని ఆడవారు; పడుగు తయారుచేసింది వేరొకరు; జకార్డు అట్టలకు రంధ్రాలు కొట్టింది ఇంకొకరు; పాత పడుగు అయిపోవచ్చినప్పుడు కొత్త పడుగు పోగులను పాత కొసలకు ఒక్కొక్కటిగా వేళ్లతో మెలిపెట్టి అచ్చు అతికేది ఆ పనికే ప్రత్యేకంగా వచ్చేవారు. వేల పోగులలో ఒక్కటి తప్పితే ఆ గీత చీర పొడవునా కనిపిస్తుంది. కొడుకు ఈ పనిని పాఠంగా నేర్చుకోడు, మగ్గం పక్కన పెరిగి నేర్చుకుంటాడు. ఈ విద్య ఒక మనిషి చేతిలో లేదు, ఇంటిలో, వీధిలో పరచుకొని ఉంది. భౌగోళిక గుర్తింపు చట్టం కూడా ధర్మవరం పట్టుచీర పేరును ఊరికే కట్టింది. నేతకారుడు మరోచోటికి పోయి అదే చీర నేసినా ఆ పేరు పెట్టుకోలేడు.

అయితే నేటి దేశాలు శాశ్వత నివాసం ఇచ్చేది మనిషిని లెక్కించి, ఇంటినో వీధినో కాదు. గల్ఫ్ దేశాలు సాధారణంగా ఒప్పందకాలానికే పని కొంటాయి, కనుక అక్కడి వలస ఈ విచారణలోకి రాదు. పెనుకొండ పక్క ఎర్రమంచి కియా కర్మాగారానికి వచ్చే కొరియా నిపుణులదీ అటువంటి రాకపోకే. కెనడా 2013లో మొదలుపెట్టిన నిపుణ వృత్తికారుల పథకం వంటివి వేరు. గడచిన ఐదేళ్లలో కనీసం రెండేళ్ల పని అనుభవం, భాషా పరీక్షలో ఉత్తీర్ణత, దానికి తోడు ఉద్యోగ హామీ గాని అక్కడి వృత్తి ధ్రువపత్రం గాని ఉన్న వెల్డరు, ఎలక్ట్రీషియను, ప్లంబరు, వంటవాడు కుటుంబంతో సహా అక్కడే స్థిరపడవచ్చు. మగ్గం నేత ఆ జాబితాలో లేదు. వెల్డరు విషయంలో ధర్మశాస్త్రానికి పెద్ద చిక్కు లేదు. ఋషిఋణం కన్నకొడుక్కే చెల్లించాలని ఎక్కడా లేదు గనుక, హిందూపురం కుర్రవాడు ఆల్బర్టాలో ఏ దేశపు అప్రెంటిసుకైనా అతుకు పెట్టడం నేర్పితే అతని ఋణం చెల్లినట్టే.

నేతకారుని సంగతి అలా తేలదు. మందసోర్‌కు పోయినవారు శ్రేణిగా పోయారు, కాబట్టి విద్య మొత్తం వారితో పోయింది. నేటి వీసా ఇంటిని కుటుంబంగా చూస్తుంది గాని కార్ఖానాగా చూడదు. ధర్మవరం నేతింటి కొడుకు విదేశంలో స్థిరపడాలంటే మరొక పని పట్టుకొనే పోవాలి. సంస్కృతి కోసం మగ్గం విడవవద్దని అతనికి బోధించేవారు, ఆ ఊరిలో అప్పుల భారంతో నేతకారులు ప్రాణాలు తీసుకొన్న సంగతిని కూడా లెక్కలో వేయాలి. ఋషిఋణం తెగిందని అనదలిస్తే, అది తెగింది విమానాశ్రయంలో కాదు. మరమగ్గం చీర పట్టుచీర పేరుతో అమ్ముడుపోతుండగా, యజమాని ఇచ్చే కూలి ఇల్లు గడవడానికి చాలక, ఆ ఇంటి తండ్రే కొడుకును ఐటీఐలో ఫిట్టరు కోర్సుకు పంపిన రోజున తెగింది. అక్కడినుంచి ఆ కుర్రవాడు బెంగళూరులో ఆగినా టొరంటో దాకా పోయినా దేవలునికి చెల్లవలసిన బాకీలో తేడా ఏమీ రాదు, ఆ బాకీకి జవాబు చెప్పవలసినవాడూ అతను కాదు.